వెనక మెట్ల తలుపు

మాస్టారు అరచేత్తో తలుపు తోశాడు. తెరుచుకుంది. దగ్గరకు లాక్కుని మళ్ళీ తోశాడు. మళ్ళీ తెరుచుకుంది. అప్పుడు గానీ ఆయన గుండె కుదుటపడలేదు. చేతికంటిన తుప్పును రుమాలుతో తుడుచుకుని, గొడుగు చంకలో సర్దుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. బడి ఇంకా నిద్రమొహంతోనే ఉంది.

రోజూ సంతకం పెట్టకముందే ఆయన చేసే పని ఇది. మూడంతస్తుల ఆ భవనానికి ముందువైపు వెడల్పాటి మెట్లున్నాయి. వెనకవైపు మెట్లు ఇరుకు, ఇద్దరు పిల్లలు పక్కపక్కన దిగితే భుజాలు రాసుకుంటాయి. అవి పైనుంచి మలుపులు తిరుగుతూ వచ్చి కింద ఈ ఇనప తలుపు దగ్గర ఆగుతాయి. తలుపు బయటికి తెరుచుకుంటుంది. బయట సందు, సందులో గోదాములు, వాటి ముందు ముందుకీ వెనక్కీ కదిలే లారీలు. తలుపు ఆకుపచ్చ రంగు చాలా మటుకు పెచ్చులూడిపోయింది. మిగిలినచోట పిల్లలు కంపాసు ముల్లుతో గీసిన బొమ్మలున్నాయి. అందులో గొడుగు పట్టుకున్న పుల్లలాంటి మనిషి తానేనని మాస్టారికి తెలుసు. చూడనట్టే ఉంటాడు.

ఆయనకు భయం లేనిదేదో చెప్పమంటే కష్టం. కుక్కలంటే భయం. ఫోను మోగితే భయం, ఎక్కువసేపు మోగకపోతే ఇంకా భయం. లిఫ్టులున్నచోట కూడా మెట్లెక్కి ఆయాసపడతాడు. పెద్ద మేడమ్ గది ముందునుంచి వెళ్ళాల్సివస్తే చెప్పులు చప్పుడు కాకుండా వేళ్ళు ముడుచుకుని నడుస్తాడు. పాఠం చెప్పేటప్పుడు గొంతు మొదటి రెండు బెంచీలు దాటదు, అందుకే పిల్లలు ఆయన్ని మెల్ల మాస్టారు అంటారు. కొన్నాళ్ళుగా ఎడమ భుజంలో మొదలై ఛాతీలోకి పాకే నొప్పి ఒకటి వస్తోంది. డాక్టరు దగ్గరికి వెళ్తే ఏం చెబుతాడోనని భయపడి, దాన్ని ఇంట్లో కూడా చెప్పకుండా దాచుకు తిరుగుతున్నాడు.

ఇంత పిరికి మనిషి చేసే ఉద్యోగం మాత్రం చిత్రమైనది. ఎదుటివాళ్ళను ఒప్పించేట్టు రాయడం, మాట్లాడడం పిల్లలకు నేర్పుతాడు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టే భార్య, ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా మిషను ఆపి మరీ నవ్వుతుంది. కూరగాయలవాడితో బేరమాడడానికి కూడా తననే పంపే మనిషికి, పిల్లలకు నోరిచ్చే పని ఎవరిచ్చారని అడుగుతుంది. ఆయనా నవ్వి ఊరుకుంటాడు. ఆవిడ నవ్వుతుందే గానీ, బడి కుర్చీ చెక్క గుచ్చుకుంటోందని ఒకసారి నోరుజారి అన్నాడని, మిగిలిన గుడ్డపీలికలన్నీ కలిపి దిండు కుట్టి ఇచ్చింది. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క పెట్టుకుంటాడు.

చేసే పని మీద మాత్రం ఆయనకు ప్రాణం. పుస్తకాల సంచీల బరువు, ఇంటికిచ్చే లెక్కలు, ఆటస్థలంలో నిలిపే కార్లు, పిల్లల చేతుల్లో ఫోన్లు, ఏది దొరికితే దాని మీద వాదించమంటాడు. ఎవరు ఏ వైపో ఆయన చెప్పడు. పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది, అందులో చీటీలుంటాయి. కొన్నింటి మీద 'కావాలి', కొన్నింటి మీద 'వద్దు'. చెయ్యిపెట్టి ఏది తీస్తే ఆ వైపు మాట్లాడాల్సిందే. నచ్చని వైపు వచ్చిందని మొహం మాడ్చుకున్న పిల్లలతో ఆయన ఎప్పుడూ ఒక్కటే అంటాడు, నచ్చని వైపే మంచి పాఠమని. పిల్లలు మాట్లాడేటప్పుడు మధ్యలో ఒక్క ముక్క కూడా అడ్డు చెప్పడు. కళ్ళు సగం మూసుకుని, తల కొంచెం వంచుకుని, ఊపిరి కూడా వినపడకుండా కూర్చుంటాడు. అంతా అయ్యాక కళ్ళు తెరిచి, "ఊఁ, ఇప్పుడు మొదలెడదాం" అంటాడు. దిద్దడం అప్పుడు మొదలవుతుంది.

ఈరోజు వాదన ఈ తలుపు మీదే.

నిరుడు వానల్లో కింది అంతస్తులో కరెంటు మీటరు బోర్డు కాలింది. మంట పెద్దది కాదు గానీ పొగ ముందు మెట్ల నిండా నల్లగా ఎక్కింది. అప్పుడు మాస్టారు పై అంతస్తులో పాఠం చెబుతున్నాడు. పిల్లలను వెనక మెట్లమీదుగా దింపాడని తర్వాత అందరూ మెచ్చుకున్నారు. నిజానికి ఆయన దింపిందేమీ లేదు, పిల్లలే ఆయన్ని తోసుకుంటూ దిగారు. ఆ చీకట్లో చిన్న చెయ్యి ఒకటి ఆయన చొక్కా అంచు పట్టుకుంది. ఎవరిదో చూసే తీరిక లేదు. కింద ముందున్న పిల్లలు తలుపు తోశారు, అది తెరుచుకుంది, అందరూ దగ్గుకుంటూ సందులో పడ్డారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. వారం తిరక్కుండా అందరూ మరిచిపోయారు. మాస్టారు మరిచిపోలేదు. ఆయన కళ్ళు మూసుకుంటే ఆ తలుపు తెరుచుకోదు. వెనకనుంచి పిల్లలు వస్తూనే ఉంటారు, ముందున్నవాళ్ళు తోస్తూనే ఉంటారు, చొక్కా పట్టుకున్న చెయ్యి మెల్లగా జారిపోతుంది.

కానీ ఈమధ్య అదే తలుపులోంచి ఒకటో తరగతి పాప సందులోకి వెళ్ళిపోయింది. పిల్లిని చూసి వెంటపడిందట. లారీ వెనక చక్రం పక్కన చతికిలపడి పిల్లిని పిలుస్తుంటే, బండి వెనక్కి తియ్యబోతున్న డ్రైవరు ఎందుకో ఒకసారి అద్దంలోకి చూశాడు. ఆ తల్లి ఇప్పటికీ బడి వదిలేదాకా గేటు బయట అరుగు మీదే కూర్చుంటోంది. ఆ తలుపుకు తాళం వెయ్యాలని తల్లిదండ్రులు కొందరు, వద్దని కొందరు. తేల్చడానికి తల్లిదండ్రుల సంఘం ఈ మధ్యాహ్నం వస్తోంది.

పెద్ద మేడమ్ చెడ్డ మనిషి కాదు. నిన్న మాస్టారిని పిలిచి, మనం చెబితే ఒకరి మాట ఒకరు వినరు, పిల్లల చేత చెప్పిస్తే వింటారు, మీ డబ్బా పట్టుకురండి అంది. దీన్ని బట్టే నిర్ణయమని పిల్లలకు తెలిస్తే కంగారుపడతారు, చెప్పొద్దు, ఉత్త వాదన పోటీ అనుకోనివ్వండని కూడా అంది. తలుపు తెరిచే ఉంచాలి మేడమ్ అనే మాట ఆయన గొంతుదాకా వచ్చింది. పొగ వచ్చింది, చొక్కా పట్టుకున్న చెయ్యీ వచ్చింది. నోట్లోంచి మాత్రం "సరే మేడమ్" అని వచ్చింది.

పొద్దున తరగతిలో ఆయన డబ్బాను ఎప్పటికంటే ఎక్కువసేపు ఊపాడు. మాట్లాడేవాళ్ళు ఇద్దరు. ఒకడు తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకునే కుర్రాడు, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఒప్పజెబుతాడు. రెండోది, పిల్లలంతా లాయరమ్మ అని పిలిచే పిల్ల. సన్నటి మెడ, నూనె రాయని జుట్టు, మాట్లాడేటప్పుడు బొటనవేలితో బెంచీ అంచు గోకే అలవాటు. ఆ పిల్ల నోరు తెరిస్తే వెనక బెంచీలో నిద్రపోయేవాడు కూడా లేచి కూర్చుంటాడు. మాస్టారు ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి గొంతు ఇంకోటి వినలేదు. పొగలో దిగిన పిల్లల్లో అదీ ఉంది. 'వద్దు' రావాలి, 'వద్దు' రావాలి అని ఆయన లోపల మొక్కుకున్నాడు.

పిల్ల చీటీ విప్పింది. 'కావాలి' అని ఉంది, అంటే తాళం కావాలని.

"ఈ వైపు నాకొద్దు మాస్టారూ" అంది.

మళ్ళీ తియ్యమంటే సరిపోయేది. చీటీ చిరిగిందనో, సరిగా కలపలేదనో ఏదో ఒకటి చెప్పొచ్చు. తరగతి అంతా ఆయన్నే చూస్తోంది. ఈ డబ్బా మీద ఆయన ఏనాడూ మాట తప్పలేదు. నచ్చని వైపే మంచి పాఠమని ఆయన నోరు తనంతట తానే అనేసింది.

మధ్యాహ్నం భోజనాలవేళ ఇద్దర్నీ కూర్చోబెట్టుకుని సాధన చేయించాడు. పొగ సంగతి చెప్పమని, 'వద్దు' వైపున్న కుర్రాడికి చెప్పాడు. కుర్రాడు ఆరోజు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు, వాడికి పొగ తెలియదు. ఏ దేశంలో ఎన్ని భవనాలకు ఎన్ని ద్వారాలుండాలో మధ్య విరామంలో లైబ్రరీలో చదువుకొచ్చాడు, అదే చెబుతానన్నాడు. మాస్టారు బతిమాలినంత పని చేశాడు. ముందు ఒక్క పిల్లను చూపించరా, లెక్కలు తర్వాత అన్నాడు. వాడు తలూపాడు. ఆ ఊపులోనే తెలిసిపోయింది, వాడు మార్చడని.

లాయరమ్మకు చెప్పాల్సిన పనే లేదు. ఒక్క పాపతో మొదలెట్టింది. అవతలివాళ్ళ మాటలో నిజముంటే మనమే ముందు ఒప్పుకోవాలని ఆయన చెప్పింది గుర్తుంచుకుని, పొగ వస్తే ఎలా అంటారు కదా అని తనే ఎత్తుకుంది. భయం ఉప్పు లాంటిది, చిటికెడు చాలు అని ఆయనన్నది కూడా మరవలేదు, లారీ చక్రం దగ్గర గొంతు పెంచకుండా తగ్గించింది. చివరికొచ్చి ఆగిపోయింది. ముగింపు రావట్లేదంది.

అక్కడ ఆయన ఊరుకోవాల్సింది. కానీ బాగా కుదురుతున్న పాఠాన్ని మధ్యలో వదిలేయడం ఏ మాస్టారి వల్లా కాదు. "విన్నవాళ్ళు ఇంటికెళ్ళేలోపు చెయ్యగలిగిన పని ఒక్కటి చెప్పు. ఒక్కటే" అన్నాడు. పిల్ల బెంచీ గోకుతూ ఆలోచించి, ఈ సాయంత్రమే ఒక తాళం వెయ్యొచ్చు కదా అంది. ఆయన మొహం వెలిగిపోయింది. మరుక్షణమే ఆ వెలుగు చచ్చిపోయింది. తన చేత్తో తనే ఏం చేశాడో అర్థమై, సగం తిన్న అన్నం డబ్బాకు మూత పెట్టేశాడు.

సభ కింది పెద్దగదిలో జరిగింది. ముందు వరసలో ఆ ఒకటో తరగతి పాప తల్లి కూర్చుంది. సంఘానికి పెద్దగా ఉన్నాయన ఇనప సామాన్ల కొట్టు యజమాని. మనిషి ముందుచూపు గలవాడు, నిర్ణయం జరగకముందే కొట్లోంచి కొత్త తాళం తెచ్చుకున్నాడు. ఖాకీ కాగితం సంచీలో అది ఆయన ముందు బల్లమీద ఉంది. ఆయన చెయ్యి తగిలినప్పుడల్లా లోపల బరువుగా చప్పుడవుతోంది. మాస్టారు గోడవార నిలబడి, మాట్లాడేవాళ్ళను వదిలేసి ఆ సంచీనే చూస్తున్నాడు.

కుర్రాడు గొంతు సవరించుకుని లెక్కలు చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. మర్యాదకు కొట్టే చప్పట్లు ఎలా ఉంటాయో మాస్టారికి తెలుసు.

లాయరమ్మ లేచింది. చేతిలో కాగితం లేదు. "మన బడిలో ఒక పాపకు పిల్లులంటే చాలా ఇష్టం" అని మొదలెట్టింది. గదిలో కుర్చీల కిరకిరలు ఆగిపోయాయి. పిల్ల లారీ అద్దం దగ్గరికొచ్చేసరికి ముందు వరసలో తల్లి కొంగుతో నోరు నొక్కుకుంది. "డ్రైవరు ఆరోజు అద్దంలోకి చూశాడు. రోజూ చూస్తాడా?" అని మెల్లగా అడిగి, పిల్ల కొంచెంసేపు ఊరుకుంది. అలా ఊరుకోవడం కూడా ఆయన నేర్పిందే. ఇదంతా తన చేతిపనే. ఏ ఒక్క అతుకూ కనపడనంత బాగా కుదిరింది. దానికి ఆయనకు గర్వంగా ఉంది, ఒళ్ళంతా భయంగానూ ఉంది.

తాళం వెయ్యాలని దాదాపు అందరూ చేతులెత్తారు. వద్దన్నవాళ్ళు కూడా ఎత్తారు. పెద్ద మేడమ్ గదంతా కలయజూసి, మాస్టారూ మీరేమైనా చెబుతారా అని అడిగింది.

తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. ఆ ఒక్క క్షణం ఆయనది. చెప్పాల్సిన మాట పెద్దదేమీ కాదు. ఆరోజు నేనక్కడ ఉన్నాను, ఆ తలుపు తెరుచుకోబట్టి బతికాం అంటే చాలు. ఆయన పెదాలు కదిలాయి. ఎడమ భుజంలో నొప్పి సూదిలా దిగింది.

"పిల్లలిద్దరూ బాగా మాట్లాడారండీ" అన్నాడు మాస్టారు.

ఇనప కొట్టాయన సంచీలోంచి తాళం తీసి, బడి వాచ్‌మన్‌ను పిలిచి సంచీతో సహా చేతిలో పెట్టాడు. లాయరమ్మకు బహుమతిగా కలం ఇచ్చాడు. పిల్ల కలం పట్టుకుని తాళంవైపు చూసింది. దాని మొహంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మాస్టారు ఆ చూపు తప్పించుకుని బయటికి వచ్చేశాడు.

పై అంతస్తుకు ఎలా ఎక్కాడో ఆయనకే తెలియదు. ఖాళీ తరగతిలో తన కుర్చీ వెనక కాసేపు నిలబడ్డాడు. ముందు మెట్ల మీద పిల్లలు పరుగెత్తుతున్న చప్పుడు వినపడుతోంది. ఆ చప్పుడు ఇంకాస్త పెద్దదై, చీకటిలో మూసుకున్న తలుపు మీద పడుతున్నట్టనిపించింది. ఇంక నిలవలేకపోయాడు. దిద్దాల్సిన కాగితాలు, దిండు, అట్టముక్క అన్నీ కుర్చీలో పడేసుకుని, కుర్చీ ఎత్తుకుని వెనక మెట్లు దిగడం మొదలెట్టాడు. ప్రతి మలుపులోనూ ఆగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కింద తలుపు బార్లా తెరిచి, కుర్చీని సరిగ్గా గడప మీద వేశాడు. రెండు కాళ్ళు లోపల, రెండు కాళ్ళు బయట. పొట్టి కాలు కింద అట్టముక్క దోపి, మెట్లవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

ఒప్పించే పద్ధతులన్నీ తెలిసిన మనిషికి ఆ వేళ కూర్చోవడం తప్ప ఇంకేం తోచలేదు.

వాచ్‌మన్ తాళంతో వచ్చేసరికి మాస్టారు ఒళ్ళో కాగితాలు పెట్టుకుని ఎర్రకలంతో దిద్దుతున్నాడు. వాచ్‌మన్ తల గోక్కున్నాడు. తాళం వెయ్యమన్నారని చెప్పాడు.

"వెయ్యి నాయనా. ఈ కాగితాలవ్వనీ. ఇక్కడ గాలి బాగుంది" అన్నాడు మాస్టారు.

ఆ సందులో వచ్చేది డీజిలు వాసన. అది వాచ్‌మన్‌కూ తెలుసు. మాస్టారి మొహం చూశాడు, బూడిదరంగులో ఉంది. మంచినీళ్ళు తెమ్మంటారా అని అడిగితే వద్దన్నాడు. ఆయన కాగితాలు ఎప్పటికయ్యేనో అనుకుంటూ వాచ్‌మన్ బయట రాతి మీద కూర్చుని, తాళం సంచీ పక్కన పెట్టుకున్నాడు.

ఆఖరి గంట ఆటలది. లాయరమ్మ ఆటస్థలానికి పోకుండా మెట్లు దిగొచ్చింది. కుర్చీని, తలుపును, బయట సంచీని వరసగా చూసింది. కింది మెట్టు మీద ఆగి గోడకున్న సున్నం బొటనవేలితో గోకింది.

"నిజంగానే తాళం వేసేస్తారా మాస్టారూ?"

"ఊఁ."

"ఇది నిజం సభ అని మీకు ముందే తెలుసా?"

తెలియదని చెప్పబోయాడు. పిల్ల కళ్ళలోకి చూశాక అబద్ధం రాలేదు. "తెలుసు" అన్నాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"భయమమ్మా."

"ఎవరంటే?"

జాబితా పెద్దది. "ముందు మేడమంటే. తర్వాత డబ్బా అంటే. ఇప్పుడు నువ్వంటే" అన్నాడు. పిల్లకు నవ్వు రాలేదు. కళ్ళనిండా నీళ్ళు నిలిచాయి. మళ్ళీ పొగొస్తే నా వల్లే అందరూ చచ్చిపోతారు కదా అంది. ఇన్నాళ్ళూ మాస్టారు తన ఒక్కడి ఛాతీలో మోసిన భయం ఆ సన్నటి పిల్లలోకి దిగిపోయింది. దింపింది తనే.

"నీ వల్ల కాదు. నా డబ్బాలో రెండు రకాల చీటీలే ఉన్నాయి తల్లీ. కావాలి, వద్దు. మూడోది ఒకటి ఉండొచ్చని నాకెప్పుడూ తట్టలేదు" అన్నాడు. ఊపిరి తీసుకోవడానికి మధ్యలో ఆగాల్సివచ్చింది. "ఆ మూడోది నువ్వు రాయి. ఇక్కడే కూర్చుని రాయి. రాసి నాకు చదివి వినిపించు. రేపు పొద్దున ఇద్దరం మేడమ్ దగ్గరికి వెళ్దాం. ఈసారి నేనూ మాట్లాడతాను."

ఆ చివరి మాటన్నందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఒళ్ళోంచి తెల్లకాగితం తీసిచ్చాడు. పిల్ల ముక్కు తుడుచుకుని, కింది మెట్టు మీద కూర్చుని, బహుమతి కలంతో రాయడం మొదలెట్టింది. ఆయన ఎర్రకలానికి మూత పెట్టబోయాడు, వేళ్ళు సరిగా పట్టలేదు. మూత దిండు మీద పడింది. తర్వాత వెతుక్కోవచ్చనుకుని తల కొంచెం వంచి, కళ్ళు సగం మూసుకున్నాడు.

పిల్ల చాలాసేపు రాసింది. కొట్టేసింది, మళ్ళీ రాసింది. సందులో ఒక లారీ వచ్చి ఆగింది. ఎండ గడప దాటి లోపలికి జరిగి, కుర్చీ నీడ మొదటి మెట్టు ఎక్కింది. అప్పుడు పిల్ల, అయిపోయింది మాస్టారూ, చదవనా అంది. ఆయన పలకలేదు. వినేటప్పుడు ఆయన పలకడు కదా. పిల్ల చదవసాగింది.

"నిరుడు పొగలో ఒకమ్మాయికి ఏమీ కనపడలేదు. చేతికి ఒక చొక్కా అంచు దొరికింది. అది మాస్టారిదని వాసన బట్టి తెలిసింది, సుద్దముక్కల వాసన. తలుపు తెరుచుకునేదాకా ఆ అమ్మాయి దాన్ని వదల్లేదు. ఆ అమ్మాయిని నేనే."

బయట రాతి మీద వాచ్‌మన్ మెడ తిప్పి లోపలికి చూశాడు.

"తలుపు తెరిచి ఉంటే చిన్నపిల్లలు లారీల కిందికి వెళ్తారు. అది నిజమే. ఈరోజు నేనే చెప్పాను. తాళం వేస్తే పొగొచ్చినప్పుడు పెద్దపిల్లలు కూడా బయటికి రాలేరు. అదీ నిజమే. రెండూ నిజమైనప్పుడు చెయ్యెత్తమని ఎవరూ అడగకూడదు. లోపలివైపు, తలుపు పైన, ఎత్తులో ఒక గడియ పెట్టండి. ఒకటో తరగతి పిల్లలకు అందదు. మాకు అందుతుంది. మాస్టార్లకు అందుతుంది. తాళంచెవి కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. తాళం అమ్మే కొట్లోనే గడియ కూడా ఉంటుంది. ఈ సాయంత్రమే పెట్టొచ్చు."

అయిపోయింది. పిల్ల కాగితం దించి, ఆ ఒక్క మాట కోసం చూసింది. ఊఁ, ఇప్పుడు మొదలెడదాం. ఆయన కళ్ళు సగం మూసి ఉన్నాయి, తల కొంచెం వంగి ఉంది, ఊపిరి వినపడడంలేదు. ఎప్పుడూ అంతే. పిల్ల ఇంకాసేపు చూసింది. బాగాలేదా మాస్టారూ అంది. ఒళ్ళో కాగితాలు ఒక్కొక్కటిగా జారి మెట్ల మీద పడ్డాయి. ఆయన పట్టుకోలేదు.

వాచ్‌మన్ లేచొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచాడు. "పైకెళ్ళి పెద్ద మేడమ్‌ని పిలుచుకురామ్మా" అన్నాడు. ఆ గొంతు వినేసరికి పిల్ల మెట్ల మీదికి పరుగెత్తింది. మలుపు దగ్గర రెండుసార్లు పడి లేచింది.

బడి వదిలే వేళ. ముందు గేటు నిండా వ్యాన్లు, బస్సులు, పిల్లల కోసం వచ్చినవాళ్ళు. అంబులెన్సు అటునుంచి రాలేకపోయింది, సందులోకి వచ్చింది. వాచ్‌మన్ కుర్చీని పక్కకు తీశాడు. నలుగురు పట్టుకుని మాస్టారిని వెనక తలుపులోంచి బయటికి తీసుకెళ్ళారు. ఇనప కొట్టాయన కూడా ఒక చెయ్యి వేశాడు. గడప దాటేటప్పుడు ఆయన తలెత్తి, బార్లా తెరిచిన తలుపును చూశాడు. అంబులెన్సు డ్రైవరు నాడి చూసి పెదవి విరిచి, అయినా ఆస్పత్రికి పోనిచ్చాడు. మాస్టారి ఇంటికి ఫోను చేసింది పెద్ద మేడమే. అవతల కుట్టుమిషను చప్పుడు వినపడుతూ వినపడుతూ ఆగిపోయింది.

లాయరమ్మ తన కాగితాన్ని మడతపెట్టకుండా రెండు చేతులతో తీసుకెళ్ళి మేడమ్‌కు ఇచ్చింది. మేడమ్ నిలబడే చదివింది. చదివాక పిల్లను దగ్గరకు తీసుకుని చాలాసేపు వదల్లేదు.

అందరూ వెళ్ళాక వాచ్‌మన్ తాళం సంచీ పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చాడు. చెప్పిన పని చెయ్యకపోతే ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని ఆయనకూ భయమే. అటూ ఇటూ చూశాడు. సంచీని తీసుకెళ్ళి తన గదిలో మేకుకు తగిలించాడు. మళ్ళీ వచ్చి, గోడవారన ఉన్న కుర్చీని ఎత్తి, ఇందాక ఉన్నచోటే పెట్టాడు. కదులుతుంటే వంగి, కింద పడి ఉన్న అట్టముక్క వెతికి పొట్టి కాలు కింద దోపాడు.

రెండు కాళ్ళు లోపల, రెండు కాళ్ళు బయట పెట్టుకుని కుర్చీ గడప మీద ఉంది, రంగురంగుల పీలికల దిండు మీద ఎర్రకలం మూత అలాగే ఉంది.